గేటు క్రింద వంగిన మనిషి



పెద్దపల్లినుండి జగిత్యాల, కోరుట్లల మీదుగా నిజామాబాదునకు పోవు రైలుమార్గమునకు 1993లో పునాదిరాయి వేసిరి. అది పూర్తియగుసరికి 2017 వచ్చినది. 2023లో సిద్దిపేటకు బండి వచ్చిన నాటికిని సిరిసిల్ల సహోదరులు ఎదురుచూచుచునే యుండిరి. రైలుకొరకు ఇన్ని యేండ్లు కనిపెట్టిన మనము గేటువద్ద పది నిమిషములు కనిపెట్టలేము.

కోరుట్ల దగ్గర ఒక గేటువద్ద మన సంఘపు యౌవనుడొకడు గూడ్సుబండ్ల ఫొటోలు తీయుచుండును. ప్రయాణికుల బండికి వేళ కలదు. గూడ్సు ఎప్పుడు వచ్చునో రైల్వేవారికే గాని మనకు తెలియదు. అందుచేత గేటు పడినప్పుడు మనము విసుగుకొందుము, అతడు సంతోషించును. కడ్డీకి ఇవతలనే, పట్టాలకు దూరముగా నిలిచి తీయును. బియ్యము మోయు నిండు బండికి 42 పెట్టెలుండును. అది ఫొటోలో ఇమడదు. పొట్టి బండియైతే ఇంజిను, కొన్ని పెట్టెలు, వెనుక గార్డు పెట్టె, అంతయు ఒక్కసారే పట్టును. అట్టిది దొరికిన దినము అతనికి పండుగే.

ఒక సాయంకాలము అతడు నాకు అట్టి ఫొటో చూపెను. బండి వచ్చుచున్నది. ఒక మూలను ఎవడో సైకిలును ప్రక్కకు వంచి కడ్డీ క్రిందనుండి దూరుచున్నాడు. భుజమున బైబిలు సంచి.

“అయ్యగారూ, ఇందుల మీరు గూడ పడ్డరు” అని మెల్లగా అనెను.

ప్రార్థనకూటమునకు ఆలస్యమగుచున్నదని దూరితిని. దేవుని పనియే గదా అనుకొంటిని! బరువుతో పరుగెత్తు గూడ్సు, బ్రేకు వేసిన తరువాత ఆగుటకు ఇంచుమించు కిలోమీటరు పట్టవచ్చును. డ్రైవరు నన్ను చూచినను ఏమి చేయగలడు? 2014 జూలై 24న మాసాయిపేటవద్ద బడిబస్సును రైలు ఢీకొని పిల్లలు చనిపోయిరి. అక్కడ గేటు లేదు. నా యెదుట గేటు వేసియే యుండెను.

సంఖ్యాకాండము 32వ అధ్యాయములో మోషే రూబేనీయులను, గాదీయులను హెచ్చరించెను: సహోదరులతో యొర్దాను దాటకపోయినచో ఆ పాపము వారిని వెదకి పట్టుకొనునని. వారికి దాటకుండుట పాపము, నాకు దాటుట. ఎవరును చూడలేదనుకొంటిని.

తుడిచివేయుమను మాట నా నోటివరకు వచ్చినది. అనలేదు. ఆ ఫొటోను కాగితముపై తీయించి ఆదివారము పిల్లలకు చూపితిని. చిన్నపిల్ల ఒకతె చాలసేపు చూచి, “జరసేపు ఆగరాకపోయెనా, అయ్యగారూ?” అని అడిగెను.

ఆగవలసినదేనమ్మా, అంటిని.