కమ్మరి లేని దేశము

(1 సమూయేలు 13:19–22, అపొస్తలుల కార్యములు 18:1–3, 19:23–41 చదువుడి)



సౌలు రాజు ఏలిన దినములలో ఇశ్రాయేలు దేశమంతటను ఒక్క కమ్మరియు లేకుండెనని సమూయేలు మొదటి గ్రంథములో చదువుచున్నాము. కమ్మరము నేర్వగలవారు ఆ జనములో పుట్టలేదని కాదు. ఫిలిష్తీయులు వారిని ఉండనియ్యలేదు. హెబ్రీయుల చేతికి కత్తియు ఈటెయు చిక్కునేమో అని వారి భయము. అయితే కొలిమి ఆరిపోయిన ఊరిలో కత్తి మాత్రమే కరవగునా? నాగటి కర్రు, కొడవలి, గొడ్డలి కూడ మొద్దుబారును. వాటికి పదును పెట్టించుకొనుటకు ఇశ్రాయేలు రైతు శత్రువు గడప తొక్కవలసివచ్చెను. ఏరువాక దినమున కర్రు పనికిరాక పోయిన కష్టమెట్టిదో సేద్యము చేయు మీకు నేను చెప్పనక్కరలేదు.

ఈ వాక్యభాగము మన యెదుట ఒక ప్రశ్న ఉంచుచున్నది. ఒక పనిని చేయు హక్కు కొందరికే ఉండవలెనని, తక్కినవారు దానిని ముట్టరాదని అధికారబలముచేత కట్టడి చేయుట న్యాయమా? న్యాయమైనయెడల ఎంతవరకు న్యాయము? ఎక్కడ అది పొరుగువాని కూడు దోచుకొనుట అగును?

పూర్వము ఐరోపా పట్టణములలో వృత్తి సంఘములు ఉండెను. వాటిని గిల్డులందురు. లండను నేతగాండ్ర గిల్డు 1130లోనే రాజునకు 16 పౌనులు కట్టినట్లు రాజు ఖజానా లెక్కలలో కనబడుచున్నది. 1155లో రెండవ హెన్రీ రాజు వారికి ఒక సనదు ఇచ్చెను. ఆ గిల్డులో చేరనివాడెవడును లండనులో నేతపని చేయరాదని అందులోని ముఖ్యమైన మాట. అందుకు ప్రతిగా వారు ఏటేట రాజునకు బంగారము చెల్లింపవలెను. ఈ ఏర్పాటు ఎట్టిదో చూచితిరా? రాజు సొమ్ము పుచ్చుకొనెను; గిల్డు తలుపునకు తాళము వేసికొనెను. ఆ తాళమును కాయువాడు రాజు భటుడే. మన దేశములో కల్లు గుత్త, రేవు గుత్త అని పెద్దలు చెప్పుకొన్నది ఇట్టిదే గదా.

గిల్డులయందు మేలు లేదని చెప్పుట అబద్ధమగును. అవి దొంగ తూనికలను పట్టుకొనెను. చెడిన సరకు అమ్మువానికి జుల్మానా వేసెను. చనిపోయిన సభ్యుని సమాధి చేసి, అతని విధవరాలిని, పిల్లలను ఆదుకొనెను. ఏడేండ్లు శిష్యుడుగా నుండి పని నేర్చినవాడే మేస్త్రి కావలెనను నియమము మంచి పనివారిని తయారుచేసెను. 1563లో ఎలిజబెతు రాణి ప్రభుత్వము ఆ ఏడేండ్ల నియమమును ఇంగ్లండు దేశమంతటికిని చట్టముగా చేసెను. అది 1814 వరకు నిలిచెను.

అయితే కాలము గడచినకొలది, లోపల నున్నవారు తమ కుమారులకు తలుపు సుళువుగా తీసి, బయటివారికి బిగించిరి. చేరుటకు రుసుము పెంచిరి. జర్మను పట్టణములలో అనేక గిల్డులు యూదులను చేర్చుకొనలేదు. వివాహము లేక పుట్టినవానిని చేర్చుకొనలేదు. తలారి కుమారుని, చచ్చిన పశువుల తోలు తీయువాని కుమారుని చేర్చుకొనలేదు. వాడు ఎంత నేర్పరి అని వారు అడుగలేదు. ఎవరి కడుపున పుట్టెనని అడిగిరి. 1731లో సామ్రాజ్య శాసనమొకటి ఈ అడ్డులలో చాలవాటిని తీసివేయుడని ఆజ్ఞాపించెను. ఆ శాసనము సహితము తోలు తీయువాని పిల్లలకు తలుపు పూర్తిగా తెరువలేదు. ఈ మాట మన చెవులకు క్రొత్తది కాదు. మన తాతలలో అనేకులు ఇట్టి తలుపుల యెదుట నిలిచినవారే.

లోపలివారికిని అది పూర్తిగా మేలు కాలేదు. వెనీసు ప్రభుత్వము 1291లో అగ్నిభయముచేత గాజు కొలుములను మురానో అను దీవికి మార్పించెను. తరువాత ఆ గాజుపనివారు దేశము విడిచి పరస్థలములకు పోయి తమ విద్య నేర్పకుండ కఠిన శాసనములు చేసెను. బయటివాని ఆపు తాళమే లోపలివానికి చెరసాల అయ్యెను.

ఫ్రాన్సు దేశమున త్యూర్గో అను మంత్రి 1776లో గిల్డులను రద్దుచేసెను. కొద్ది నెలలలోనే అతని పదవి పోయెను, గిల్డులు మరల వచ్చెను. 1791లో విప్లవ ప్రభుత్వము వాటిని కొట్టివేసెను. అయితే అదే సంవత్సరము మరియొక చట్టము చేసి, కూలిపనివారు తమ కూలి కొరకు కూడుకొనుట కూడ నేరమనెను. వారి సంఘములకు చట్టము యొక్క పూర్తి అనుమతి 1884 వరకు దొరకలేదు. ఇందులో మనకొక హెచ్చరిక గలదు. తప్పు కూడుకొనుటలో లేదు. బలహీనులు తమ కూటికొరకు కూడుకొనుట ధర్మమే. కూడుకొనినవారు ప్రభుత్వపు కఱ్ఱ చేతపట్టి పొరుగువానిని పనినుండి తరుముటలోనే తప్పున్నది.

ఇది గతించిన కథ అనుకొనవద్దు. అమెరికాలోని లూసియానా రాష్ట్రములో రోమను కతోలిక సన్యాసుల మఠమొకటి గలదు. దాని పేరు సెయింటు జోసెఫు మఠము. 2005లో కత్రీనా తుపానుచేత వారి జీవనాధారములలో ఒకటైన కలపతోట పాడయ్యెను. వారు తమలో చనిపోయినవారికొరకు సాదా మ్రాను పెట్టెలు చేసికొను అలవాటు గలవారు; 2007లో వాటిని ఇతరులకును అమ్మ మొదలుపెట్టిరి. అంతట రాష్ట్రపు బోర్డు వారిని ఆపుమనెను. శవపెట్టెలు అమ్ముటకు లైసెన్సు పొందిన సమాధి వ్యాపారులకే హక్కు గలదని అక్కడి చట్టము. శవమును పెట్టెలోనే పాతిపెట్టవలెనని ఆ చట్టములో లేదు. పెట్టె ఇట్లుండవలెనను నియమమును లేదు. అమ్మువాడు మాత్రము తమవాడై యుండవలెను! ఆ బోర్డులో 9 మంది సభ్యులుండగా 8 మంది ఆ వ్యాపారమువారే. సన్యాసులు న్యాయస్థానమునకు వెళ్లిరి. 2011లో వారికి అనుకూలముగా తీర్పు వచ్చెను. 2013లో పై న్యాయస్థానమును ఆ తీర్పునే స్థిరపరచెను. దుఃఖములో నున్న ఇంటివారు ఎక్కువ వెల ఇచ్చుకొనుట తప్ప ఆ కట్టడివలన ఎవరికి ఏమి మేలు కలిగెను?

మన దేశములోను 1951 చట్టము క్రింద పెద్ద పరిశ్రమ పెట్టుటకు ప్రభుత్వ లైసెన్సు కావలసియుండెను. మేలు కోరియే ఆ చట్టము చేసిరి. అయినను మొదట లైసెన్సు చేజిక్కించుకొనినవారికి అది కోటగోడ అయ్యెను. 1991లో చాలమట్టుకు ఆ నియమము తీసివేయబడెను.

అయితే లైసెన్సులన్నియు చెడ్డవా? కావు. చదువులేనివాడు కత్తి పట్టి మన బిడ్డ కడుపు కోయుటకు మనము ఒప్పుకొనము. మందులు అమ్మువానికి, బస్సు నడపువానికి పరీక్ష ఉండవలసినదే. మరి ఏ కట్టడి కాపుదల, ఏ కట్టడి దోపిడియని ఎట్లు తెలియును? నాకు మూడు ప్రశ్నలు తోచుచున్నవి. మొదటిది, ఈ కట్టడి కొనువానిని కాపాడుచున్నదా, లేక అమ్మువానినే కాపాడుచున్నదా? రెండవది, నేర్పు చూపినవానికి, వాడెవని కుమారుడైనను, తలుపు తెరువబడుచున్నదా? మూడవది, తాళపుచెవి ఎవరి చేతిలో నున్నది? లోపల కూర్చుండి లాభము తినువాడే ద్వారపాలకుడైనయెడల, ఎంత నీతిమంతుడైనను వాడు తలుపు వెడల్పుగా తెరుచుట అరుదు.

ఇక్కడ ఒకడు లేచి ఇట్లు అడుగవచ్చును: “అయ్యా, నేను ఏడేండ్లు కష్టపడి నేర్చుకొంటిని. అప్పు చేసి పనిముట్లు కొంటిని. నిన్న వచ్చినవాడు తక్కువ కూలికి చేసినయెడల నా పిల్లలు ఏమి తినవలెను?” ఈ భయము అబద్ధము కాదు. దానిని తేలికగా కొట్టివేయువాడు ఆకలి ఎరుగనివాడు. ఈ భయమునకు ఏ జవాబు చెప్పుదుము?

అపొస్తలుల కార్యములలో 18వ, 19వ అధ్యాయములు ప్రక్కప్రక్కన పెట్టి చదువుడి. ఎఫెసులో దేమేత్రి అను కంసాలి తన వృత్తివారిని పోగుచేసెను. ఈ పనివలననే మనకు జీవనమని మొదట లాభము మాట ఎత్తెను. ఆ తరువాతనే దేవి ఘనత మాట తెచ్చెను. తన సంచికి భయము కలిగినప్పుడు దానికి పెద్ద పేరు తొడుగుట మనుష్యునికి అలవాటు. ఆనాడు ఊరంతయు రెండు గంటలసేపు కేకలు వేసెను. కూడివచ్చినవారిలో ఎక్కువమందికి తామెందుకు వచ్చిరో తెలియలేదు.

దానికి ముందటి అధ్యాయములో కొరింథు పట్టణమున అకుల, ప్రిస్కిల్ల కనబడుచున్నారు. వారును వృత్తివారే, డేరాలు కుట్టువారు. క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞవలన రోమా విడిచి వచ్చి, క్రొత్త ఊరిలో కాలూనుచున్నవారు. భయపడుటకు దేమేత్రికంటె వారికే ఎక్కువ కారణము గలదు. అట్టి వారియొద్దకు అదే పని తెలిసిన పౌలు వచ్చెను. లోకరీతిగా చూచినయెడల అతడు వారి కూటికి పోటీ వచ్చినవాడు. వారైతే అతనిని తమ ఇంట ఉంచుకొనిరి. ముగ్గురును కలిసి పని చేసిరి. ఆ ఇంట ఎవరును పస్తున్నట్లు గ్రంథము చెప్పుటలేదు. ఆ ఇంటినుండి సువార్తకు కలిగిన మేలు మీరెరుగుదురు.

దేమేత్రి భయమును అకుల భయమును ఒక్కటే. ఒకడు తలుపు మూసెను, ఒకడు తెరిచెను.

ప్రియులారా, మన సంఘములో తాపీ మేస్త్రులున్నారు, వడ్రంగులున్నారు, దర్జీలున్నారు, చదువు చెప్పువారున్నారు, కార్యాలయములలో సంతకము చేయు అధికారము గలవారున్నారు. ప్రతివాని మొలనున్న త్రాటికి ఏదో యొక చిన్న తాళపుచెవి వ్రేలాడుచునే యున్నది. పని నేర్పుమని పేటనుండి యొక కుఱ్ఱవాడు వచ్చినప్పుడు మనము మొదట ఏమి అడిగితిమి? వాని చేతి నేర్పును గూర్చియా, వాని తండ్రిని గూర్చియా? ఒకప్పుడు మన పెద్దలు కమ్మరి లేని దేశములో కర్రు చేతపట్టుకొని పరాయి గడపకు నడిచినవారు. ఆ నడక మరచిపోయి మన గడపను మనమే ఎత్తు చేసికొనుచున్నామేమో, ఈ మాసమున కుటుంబ ప్రార్థనలలో ఎవరికి వారు పరీక్షించుకొందుము గాక.