తెలిసిందే అడగడం

మా అమ్మాయికి రెండేళ్ళు దాటినా పట్టుమని పది మాటలు రాలేదు. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి, కంగారు పుడితే ఎక్సెల్ తెరుస్తాను. తను అన్న కొత్త మాట, ఆ తేదీ, ఎన్నిసార్లు అంది, అన్నీ రాసేవాణ్ణి. పిల్లలకి ఎన్ని మాటలు వినిపిస్తే అంత మంచిదని చదివాను గనక, ఆఫీసు నుంచి రాగానే బొమ్మల పుస్తకం తీసేవాణ్ణి. "ఇదేంటి? ఆవు. చెప్పు, ఆవు. మరి ఇదేంటి?"

ఈ నమ్మకం వెనక ఒక అంకె ఉంది. అమెరికాలో బెటీ హార్ట్, టాడ్ రిస్లీ అనే ఇద్దరు 42 కుటుంబాల్లో నెలకో గంట చొప్పున రెండున్నరేళ్ళు మాటలు రికార్డు చేసి, 1995లో పుస్తకం వేశారు. నాలుగేళ్ళు వచ్చేసరికి పేదింటి పిల్లలు, కలిగినింటి పిల్లలకన్నా 3 కోట్ల మాటలు తక్కువ వింటారని వాళ్ళ లెక్క. దానిమీద తర్వాత చాలా వాదాలు నడిచాయి. కానీ మాబోటి వాళ్ళకి అంకె దొరికితే చాలు, పిల్ల నింపాల్సిన బిందె అయిపోతుంది.

సంక్రాంతికి ఏలూరు వెళ్ళినప్పుడు అమ్మనీ పిల్లనీ తీసుకుని కైకలూరు దగ్గర ఆటపాక వెళ్ళాను. కొల్లేట్లో ఎటు చూసినా గూడబాతులే. పిల్ల వేలు చాపి "ఊ... బా!" అంది. నేను వెంటనే "ఇదేంటి? గూడబాతు. చెప్పమ్మా, గూ-డ-బా-తు" అన్నాను. పిల్ల వేలు దించేసింది.

అమ్మ ఆ వేలు చూపించిన వైపే కాసేపు చూసి, "అవునే తల్లీ, ఎంత నోరో! ఆ సంచీలో ఎన్ని చేపలు పడతాయంటావ్?" అంది. పిల్ల ఏదో గొణిగింది. "అమ్మో, అన్నే!" అంది అమ్మ. అలా చాలాసేపు సాగింది.

అమ్మ కబురాడుతోంది, నేను పరీక్ష పెడుతున్నాను. మా మేనేజర్ రోజూ నాకు కీబోర్డు చూపించి "ఇదేంటి, చెప్పు" అంటే ఎన్నాళ్ళు ఊరుకుంటాను? మరి మాట రాని మనిషి దగ్గర ఆ మర్యాద ఎందుకు అక్కర్లేదనుకున్నాను? మాటలొచ్చాకే మనిషిగా లెక్కేస్తానంటే, ఎప్పటికీ రానివాళ్ళ సంగతేంటి?

వినిపించిన మాటల సంఖ్యకన్నా, పిల్లలకీ పెద్దలకీ మధ్య మాట అటూఇటూ మారడమే మెదడులోని భాషాకేంద్రాల చురుకుతో ముడిపడి ఉందని 2018లో ఎంఐటీ పరిశోధకులు చూపించారు. అది చదవగానే ఎక్సెల్‌లో ఇంకో కాలమ్ పెట్టబోయాను. నా జబ్బు అదే. మెదడుకి మంచిదని ఆమెతో మాట్లాడుతున్నంతసేపూ నేను మాట్లాడేది ఆమె మెదడుతోనే.

అలాగని అమ్మ అన్నిట్లోనూ ఒప్పు కాదు. "మీ నాన్నక్కూడా నాలుగేళ్ళకి గాని మాటలు రాలేదట, డాక్టరెందుకురా" అంది. ఆ మాట విని కూర్చుంటే, చెవి సరిగా వినబడని పిల్లకి విలువైన కాలం పోతుంది. మేం వినికిడి పరీక్ష చేయించాం. బాగానే ఉంది. స్పీచ్ థెరపీకి వెళ్తున్నాం. కొలవాల్సినవి కొలవాలి. అది మా బాధ్యత, ఆమె ఇంట్లో ప్రతి సాయంత్రం రాయాల్సిన పరీక్ష కాదు.

థెరపిస్టు అడుగుతారని ఎక్సెల్ ఉంచాను. పిల్ల ఎదుట తెరవను. నిన్న బాల్కనీలోంచి వేలు చాపింది. అటు చూస్తే నాకేమీ కనబడలేదు.

"ఏం కనిపించిందమ్మా?" అన్నాను. నాకు నిజంగానే తెలీదు.