ఓడ దాకా బిజినెస్ క్లాసు: అంగమెంత, ఫలమెంత

హైదరాబాదులో సినిమావారుండే ఫిల్మ్‌నగర్ నుంచి క్రూయిజ్‌కు బయలుదేరేవారికి ఓడ కన్నా ముందు విమానం ఎదురవుతుంది. హైదరాబాదుకు సముద్రం లేదు. 2022 జూన్‌లో కార్డేలియా సంస్థ ఎంప్రెస్ ఓడను విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు నడిపింది గానీ, పెద్ద ఓడలు ఎక్కాలంటే సింగపూరుకో బార్సిలోనాకో మయామీకో శంషాబాదులో విమానం ఎక్కక తప్పదు. బిజినెస్ క్లాసు టికెట్టు ఎకానమీకి మూడు నాలుగు రెట్లు పలకడం మామూలే. ఒక్కోసారి ఓడలో గది అద్దెను కూడా మించిపోతుంది. ఆ ఖర్చు సుఖం కోసమా, హోదా కోసమా, అసలు ధర్మమేనా అన్న సందేహాన్ని తేల్చడానికి వేదంలోని కర్మవిధులను విచారించే పూర్వమీమాంస బాగా పనికొస్తుంది.

ఆ శాస్త్రానికి మూలమైన జైమిని సూత్రాల మూడో అధ్యాయమంతా ఏది దేనికి అంగం అన్న విచారణే. అంగానికి సొంత ఫలం ఉండదు; ప్రధానకర్మకు ఉపకరించడమే దాని పని. యాగంలో పురోడాశమనే పిండిరొట్టె కోసం వడ్లు దంచుతారు. పొట్టు ఊడడం కంటికి కనిపించే ప్రయోజనం. కనిపించేది ఉన్నచోట కనిపించనిదాన్ని ఊహించకూడదని మీమాంసకుల నియమం. గోళ్లతో ఒలిచినా పొట్టు ఊడుతుంది కదా, దంచమనే ఎందుకు చెప్పాలి? ఆ నిర్బంధానికి మాత్రం వారు అదృష్టఫలాన్ని, అంటే కంటికి కనిపించని ఫలాన్ని, ఒప్పుకున్నారు, అదీ వేదం విధించింది కాబట్టి.

క్రూయిజ్ ప్రధానమైతే విమానం అంగం. దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో బార్సిలోనా చేరేసరికి సగం రోజు దాటిపోతుంది. మోకాళ్లు పట్టేసే పెద్దావిడకు నడుము వాల్చే సీటు దొరకడం పొట్టు ఊడడం లాంటి దృష్టఫలమే. దాన్ని విలాసమని ఈసడించడానికి శాస్త్రంలో ఆధారం లేదు. అదే గంటన్నర ముంబై ప్రయాణానికి ముందు వరసలో సీటు కొంటే నడుము వాలేలోపే దిగాలి. అక్కడ కొన్నది గౌరవం. అదీ అదృష్టఫలమే అనుకోవచ్చు, కాకపోతే విధించిన వేదవాక్యం లేదు.

ఓడ ఎవరికోసమూ ఆగదు. ఎక్కే గడువు దాటితే తర్వాతి రేవులో సొంత ఖర్చుతో అందుకోవాలి. అందుకే ఓడ కదిలే రోజు ఉదయం దిగే వెడల్పాటి సీటు కన్నా, ముందురోజే దించే ఇరుకు సీటూ రేవు దగ్గర ఒక రాత్రి బసా ప్రధానానికి ఎక్కువ ఉపకరిస్తాయి. ఓడ సంస్థ ద్వారానే విమానం టికెట్టు కొంటే, ఆలస్యమైనప్పుడు ప్రయాణికుణ్ణి తర్వాతి రేవుకు చేర్చే సంగతి చాలావరకు ఆ సంస్థే చూసుకుంటుంది. విడిగా కొంటే ధర, సీటు, మార్గం కొన్నవారి చేతిలో ఉంటాయి. బాధ్యత కూడా వారిదే.

తిరుగు ప్రయాణం లెక్క వేరు. సోమయాగంలో మొదట్లో ప్రాయణీయేష్టి, చివర్లో ఉదయనీయేష్టి ఉంటాయి. రెండింటిలోనూ అదితికి చరువు, అంటే వండిన అన్నం, పెడతారు. రానూ పోనూ ఒకే తరగతిలో టికెట్టు రాయించుకునే అలవాటు ఈ జంటను గుర్తుకు తెస్తుంది. పోలిక అక్కడితో సరి. తిరిగి వచ్చేటప్పుడు అందుకోవలసిన ఓడ లేదు, చేరవలసింది ఇల్లే. ఓడ దిగడం ఉదయం, సామాను చేతికొచ్చి తనిఖీ అయ్యేసరికి పొద్దెక్కుతుంది. మధ్యాహ్నం దాటాక బయలుదేరే విమానం పెట్టుకుంటే చాలు. పగటి ప్రయాణమైతే ఎకానమీలో వచ్చినా ప్రధానానికి లోటు లేదు, అది అప్పటికే పూర్తయింది.

సముద్రయానమే పాపమన్న మాట ఇప్పుడు ఎత్తేవారు తక్కువ. బౌధాయన ధర్మసూత్రం మనిషిని పతితుణ్ణి చేసే పతనీయకర్మల్లో దాన్ని చేర్చినా, ఇవాళ పురోహితులు విదేశీ ప్రయాణానికి ముహూర్తం పెడుతున్నారు. చిక్కంతా ఓడ మీద వెళ్లేది తీర్థానికైనప్పుడు వస్తుంది. 2023 జనవరి 13న కాశీలో బయలుదేరిన గంగా విలాస్ 51 రోజుల్లో డిబ్రూగఢ్ చేరేలా ఏర్పాటైన నదీ క్రూయిజ్. కాశీలో సంకల్పం చెప్పుకుని ఎక్కినవారికి అది యాత్ర, చెప్పుకోనివారికి విహారం. యాత్ర అనుకున్న క్షణం నుంచి విమానం సీటు కూడా పుణ్యం లెక్కలోకి వస్తుంది.

ఐశ్వర్యం వల్లో లోభమోహాల వల్లో వాహనమెక్కి ప్రయాగకు వెళ్తే ఫలం లేదని మత్స్యపురాణం. ఎద్దుబండికి గోవధ దోషం, గుర్రానికి ఫలశూన్యం, మనుషులు మోస్తే సగం, కాలినడకకు నాలుగింతలు అని ధర్మశాస్త్ర సంకలనాలు చేసిన నిబంధకారులు ఉదాహరించే శ్లోకం. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుంచి పల్లకీలో, దాదాపు నూరుమంది పరివారంతో కాశీకి బయలుదేరి మరుసటి సంవత్సరం సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. ఆ లెక్కన ఆయనకు దక్కింది సగమే. అయినా ఆయన కాశీయాత్రను పుణ్యంలో తక్కువగా చూసిన తెలుగువాడు లేడు. లోకం శ్లోకం కన్నా ఉదారంగా నడిచింది.

నడకకు అంత విలువ ఎందుకో మహాభారత అరణ్యపర్వంలో పులస్త్యుడు భీష్ముడికి చెప్పిన మాటలో తెలుస్తుంది. యజ్ఞాలకు ధనం, సంభారాలు కావాలి. పేదవాడికి అవి అందవు. తీర్థయాత్ర వాడు చేయగల యజ్ఞం. అంటే వాహనాన్ని నిందించడం కష్టాన్ని పూజించడం కాదు, పేదవాడి వాటాను కాపాడడం. తిరుమలకు 1944లో ఘాట్ రోడ్డు వేసినా, ఇప్పుడు పది వేల రూపాయల శ్రీవాణి ట్రస్టు విరాళానికి వీఐపీ దర్శనం ఇస్తున్నా, అలిపిరి నుంచి 3,550 మెట్లు తెరిచే ఉన్నాయి. ఆ మెట్లు మూసేస్తే మాత్రం దోషం బిజినెస్ క్లాసువారిది కాదు, మూసినవారిది.

ఫిల్మ్‌నగర్‌కు ప్రత్యేకంగా తగిలే నియమం మరొకటుంది. యాత్రలో వ్యాపారం చేస్తే ఫలంలో మూడు వంతులు, దానం పడితే మొత్తం పోతాయంటారు. అక్కడి దైవసన్నిధానం గుడిలో సినిమా ముహూర్తం చేసుకుని, పాట చిత్రీకరణ పేరిట నిర్మాత డబ్బుతో ముందు సీట్లలో వెళ్లి, దారిలో ఒక క్షేత్రం కూడా చూసి వచ్చేవారు పుణ్యం అడగకపోవడమే మేలు. క్రెడిట్ కార్డు మైళ్లతో దొరికిన అప్‌గ్రేడ్ మాట వేరు. అది దానంలా కనిపించినా, కార్డు మీద పెట్టిన పాత ఖర్చుకు వచ్చిన ప్రతిఫలం. అందువల్ల దానం పట్టిన ప్రతిగ్రహ దోషం అంటదు.