మౌనము సమ్మతి యగునా?

మౌనము అర్ధాంగీకారమని మనలో నొక నానుడి కలదు. వాదమున నిది చెల్లిన చెల్లుగాక. సంసారమున నిది చెల్లదని మా యభిప్రాయము.

గురజాడ అప్పారావుగారి 'దిద్దుబాటు' కథ 1910వ సంవత్సరమున ప్రకటితమైనది. అందు గోపాలరావు సానుల పాట వినుటకై రాత్రులు బయట గడపుచుండును. ఒకనాటి రాత్రి ఇల్లు చేరునప్పటికి భార్య కమలిని కానరాదు. కన్నవారింటికి పోవుచున్నానను ఉత్తరము మాత్రము కనబడును. అప్పటికిగాని యాతనికి పశ్చాత్తాపము కలుగదు. తుదకామె యింటనే దాగియున్నట్లు తేలును. కథ నవ్వుతో ముగియును గాని ప్రశ్న మిగిలియే యున్నది: చదువుకొన్న యిల్లాలికి సయితము ఎదుట పలికిన మాటకంటె ఉత్తరమే శరణ్యమైనచో, వ్రాయనేరని స్త్రీల గతి యేమి?

ఈ దోషమునకు మేమును దూరులము కాము. "ఏల అట్లున్నావు?" అని యడిగి, "ఏమియు లేదు" అనిన తోడనే పత్రిక తెరచి చదువుకొనినవారమే. ఆ "ఏమియు లేదు" అనుటలో "చెప్పిన వినువారెవరు?" అను ప్రశ్న దాగియున్నదని చాలకాలమునకుగాని తెలిసికొనలేదు. పురుషులకును మౌనము కలదు. అప్పులవాడు గుమ్మమున నిలిచినపుడుగాని భార్యకు అప్పు సంగతి తెలియనీయరు. బాధపెట్టగూడదని దాచితిమందురు, దాచుటయే యధికబాధ.

మాటలాడుమనుట సులభము. నేడు నమ్మి చెప్పిన మాటను రేపటి కలహమున ఎత్తిపొడుపుగా వాడకుండుట కష్టము. ఆ నమ్మకము లేని యింట ఎవరు నోరు విప్పుదురు? కావున మొదట నేర్వవలసినది పలుకుట కాదు, వినుట.