మూరెడు లావైన చెట్టు

అనగనగా ఒక ఊరు. చెరువుగట్టు మీది చెట్లన్నీ ఏనాడో పొయ్యిల్లోకి పోయాయి. మిగిలిన నీడంతా ఇళ్ల పెరళ్లలోదే. అదీ తరిగిపోతోందని మునసబు చాటింపు వేయించాడు: "ఎవరి పెరట్లో ఉన్నా సరే, మూరెడు లావు దాటిన చెట్టును కొట్టరాదు. కొడితే పది వరహాల దండుగ. రేపు పొద్దుటి నుంచి అమలు."

రేపటి నుంచి కదా! ఆ రాత్రి తెల్లవార్లూ గొడ్డళ్లు మోగాయి.

ఆ తర్వాత ఊళ్లో ఎవరూ చెట్టు కొట్టలేదు, నిజమే. వేపమొలక జానెడు ఎదగ్గానే పీకేసేవారు. మూరెడు లావైతే అది ఊరి సొత్తయిపోతుందని భయం.

మూడేళ్లకు మునసబు వీధులన్నీ తిరిగితే, ఒక ముసలమ్మ పెరట్లో మాత్రం చింతచెట్టు కనిపించింది.

"నువ్వెందుకు కొట్టించలేదమ్మా?"

"కూలికి డబ్బుల్లేక బాబూ" అంది. "కొమ్మ విరిగి పెంకులు పగిలితే నేనే కప్పించుకోవాలి. చింతాకు ఊడ్చి చూడు, నడుం సంగతి తెలుస్తుంది. నీడకు మాత్రం దారినపోయే వాళ్లంతా వస్తారు. దండుగ వేసే ఊరు ఒక్కనాడైనా చీపురు పట్టదేం?"

మునసబు మళ్లీ చాటింపు వేయించాడు. ఎండుకొమ్మలు ఊరి ఖర్చుతో తీయిస్తాం. పెంకులు పగిలితే ఊరే కప్పిస్తుంది. ఇంటి మీదికి ఒరిగిన చెట్టు గురించి అడిగితే వారంలో జవాబు చెబుతాం. అమ్ముకోవడానికి వేసుకున్న సరుగుడు తోట జోలికి రాం.

ఆ ఏడు తొలకరికి మొలిచిన వేపమొక్కల్ని ఎవరూ పీకలేదు.

నీతి: చెట్టును కాపాడే కట్టడి దాన్ని పెంచేవాడికి బరువైతే, ఆ చెట్టు మొక్కగానే చస్తుంది.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2002 నాటి వాల్టా చట్టం ఉంది. నీరు, భూమి, చెట్లు మూడూ దాని కిందికే వస్తాయి. సొంత స్థలంలో చెట్టు కొట్టాలన్నా చాలావరకు అనుమతి తీసుకోవాలి. అది న్యాయమే, పెరటి చెట్టు చల్లదనం వీధికీ చేరుతుంది కదా. నా పేచీ ఒక్కటే: అనుమతి కోసం తిరిగే ఓపిక లేక అసలు మొక్కే వద్దనుకున్న ఇంటాయన ఏ లెక్కలోకీ రాడు. మీ ఊళ్లో చెట్ల మీద కొత్త నియమాలు పెడతామని సభ పిలిస్తే వెళ్లండి. జరిమానా ఎంతని తర్వాత అడగొచ్చు, ముందు ఆకులు ఊడ్చేదెవరో అడగండి.