ఆ పిల్లాడు పట్టుకున్నది ఎవరి చేయి?

ఫ్రాన్స్‌లోని బుర్గుండీ ప్రాంతం. 1954లో విడుదలైన ‘ఫాదర్ బ్రౌన్’ సినిమా షూటింగ్ రోజులు. చీకటి పడ్డాక ఇంగ్లీషు నటుడు అలెక్ గిన్నెస్ పాదిరీ వేషపు అంగీ విప్పకుండానే బసకు నడిచి వెళ్తున్నాడు. ముక్కూ మొహం తెలియని పిల్లాడొకడు పరుగున వచ్చి ఆయన చేయి పట్టుకున్నాడు. ‘ఫాదర్’ అంటూ దారంతా కబుర్లే కబుర్లు. తన వచ్చీరాని ఫ్రెంచి వింటే వాడు జడుసుకుంటాడేమోనని గిన్నెస్ నోరు మెదపలేదు. కాసేపటికి వాడు వందనం చెప్పి, కంచె సందులోంచి తుర్రుమన్నాడు.

1985లో వెలువడిన ఆత్మకథలో గిన్నెస్ ఈ సంగతి రాసుకున్నాడు. చదివిన దగ్గర్నుంచి నాకొకటే ప్రశ్న: ఆ పిల్లాడు నమ్మింది అంగీనా, మనిషినా?

1914లో లండన్‌లో పుట్టిన గిన్నెస్ జనన ధ్రువపత్రంలో తండ్రి పేరు రాయాల్సిన చోటు ఖాళీ. అలాంటివాడు 1949లో ‘కైండ్ హార్ట్స్ అండ్ కొరొనెట్స్’లో ఒకే వంశానికి చెందిన ఎనిమిది మందిగా కనిపించాడు; అందులో ఒకరు ఆడమనిషి. తనకంటూ ఇంటిపేరు తేలలేదు కాబట్టే అన్ని పేర్లు తొడుక్కున్నాడని తేల్చేయడం సులువు. మరి తండ్రి పేరు నిక్షేపంగా ఉన్న మనం? ఆఫీసులో ఒకరం, ఇంట్లో ఒకరం, అప్పు అడగడానికి వెళ్లినచోట ఇంకొకరం కాదూ?

వేషం ఎప్పుడూ అమాయకం కాదు. 1948 నాటి ‘ఆలివర్ ట్విస్ట్’లో యూదు పాత్ర కోసం ఆయన పెట్టుకున్న పెద్ద ముక్కు యూదుల మనసు నొప్పించింది, ఆ సినిమా అమెరికాలో 1951 దాకా విడుదల కాలేదు. 1984లో ‘ఎ పాసేజ్ టు ఇండియా’ కోసం ఆయన ప్రొఫెసర్ గోడ్బోలే అయ్యాడు. మన బ్రాహ్మణుడి వేషం తెల్లవాడు కట్టడమేమిటన్న విమర్శ నేటికీ ఉంది. అదే నటుడు, అదే నేర్పు. ఒకచోట నమ్మకం పుట్టించింది, మరోచోట గాయం చేసింది.

1956లో గిన్నెస్ క్యాథలిక్ మతం పుచ్చుకున్నాడు. ఒక్క అంగీని చూసి ముక్కూ మొహం తెలియని పిల్లాడికి అంత ధైర్యం కలిగిందంటే ఆ సంస్థలో ఏదో ఉండి తీరాలన్నది ఆయన ఆలోచన. ఆయన విశ్వాసాన్ని కాదనే హక్కు నాకు లేదు. అనుమానం మాత్రం తీరదు. నిజమైన అంగీ తొడుక్కుని, పిల్లల నమ్మకాన్ని కాలరాసిన పాదిరీలూ ఉన్నారని ఆ తర్వాత లోకానికి తెలిసింది. ఆ రాత్రి అబద్ధపు అంగీలో ఉన్నవాడు మాత్రం, పిల్లాడు జడుసుకోకూడదని తన గొంతునే దాచుకున్నాడు.

పిల్లాణ్ణి దగ్గరికి రప్పించింది అంగీయే కావచ్చు. ఆ చేతిని పదిలంగా పట్టుకున్నది ఎవరు? పాదిరీ కాదు, పాత్ర కూడా కాదు. గిన్నెస్ తన ఖాతాలో వేసుకోని ఆ మంచితనానికి దేవుడి పేరు పెడితే గానీ మనకు తృప్తి ఉండదా?