ఎదుటి పక్షం వాళ్ళకి నువ్వులూ నీళ్ళూ

పోయిన వీడియోలో భీష్మాష్టమి గురించి మాట్లాడుకున్నాం. టైం చాలక అందులో వదిలేసిన ప్రశ్న ఒకటుంది. ఇక్కడ కొంచెం తీరిగ్గా రాస్తున్నా. రాజకీయాల్లో మనకి పూర్తిగా ఎదురుగా నిలబడి, చివరికి మాటలు కూడా ఆగిపోయిన బంధువు పోతే, ఆయన కోసం మైల పట్టడం నిజమా, నటనా?

భీష్ముడి సంగతి చూడండి. కౌరవ సేనాపతి. పది రోజులు పాండవ సైన్యాన్ని నరికినవాడు. అయినా మాఘ శుద్ధ అష్టమి నాడు తర్పణం ఇచ్చేటప్పుడు "ఆయన మన వైపు కాదు కదా" అని ఆగినవాళ్ళని నేను చూడలేదు. ఆయనకి పిల్లల్లేరు, కాబట్టి ఆయన వంశం కానివాళ్ళు కూడా ఇస్తారు. 58 రాత్రులు అంపశయ్య మీద ఉండి, ఉత్తరాయణం కోసం ఆగి, ధర్మరాజుకి ఆయన చెప్పిందేంటి? రాజధర్మం. గెలిచినవాడు ఓడిన పక్షం పెద్దాయన పక్కన కూర్చుని పాలన నేర్చుకున్నాడు. మన అసెంబ్లీల్లో ఊహించుకోండి, నవ్వొస్తుంది.

కానీ భీష్ముడి విషయం సులువు. ఆయన మీద ఎవరికీ కోపం ఉండదు. ఇంట్లో మనిషైతేనే కష్టం.

మాది ఆదోని. మా పెద్దనాయన వాళ్ళది ఎమ్మిగనూరు పక్కన పల్లె, తుంగభద్ర దిగువ కాలవ కింద పొలం. నాయన పత్తి మార్కెట్ యార్డులో గుమస్తా. ఇద్దరికీ రెండు పార్టీలు. ఏ పార్టీలో పేర్లు చెప్పను, చెప్తే మీరు చదవడం ఆపేసి వాదన మొదలుపెడతారు. వాళ్ళ గొడవ మాత్రం ఉత్తుత్తిది కాదు. పశ్చిమ కర్నూలులో రాజకీయం అంటే నీళ్ళు, వలస. చలికాలం వస్తే మా వైపు పల్లెల్లో ఇళ్ళకి తాళాలు పడతాయి. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పిల్లాపాపలతో పోతారు. దీనికి ఎవరు కారణం, ఎవరు ఏం చేశారు అన్నదే అన్నదమ్ముల వాదన. 2024 మే 13న పోలింగ్ అయింది. ఆ సాయంత్రం ఫోన్లో ఒక మాటకి ఇంకో మాట పెరిగి, ఆ తర్వాత ఒకరికొకరు ఫోన్ చేసుకోలేదు.

ఒక్కటి మాత్రం చెప్పాలి. అదే ఏడు ఆగస్టు 10 రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయింది. మర్నాడు పొద్దున బెంగళూరులో నిద్ర లేవకముందే నాకు రెండు ఫోన్లు. పెద్దనాయన: "గేటు పోయిందంట కదరా, కాలవకి నీళ్ళు నిలుస్తాయా?" పది నిమిషాలకి నాయన, దాదాపు అదే ప్రశ్న. వాళ్ళు ఒకరినొకరు అడగాల్సింది నన్ను అడిగారు. కోడ్ రాసుకునేవాడికి డ్యాం గేట్ల గురించి ఏం తెలుస్తుంది చెప్పండి!

మార్గశిరంలో పెద్దనాయన పోయాడు, గుండెపోటు. కబురు రాగానే నాయన ఏం మాట్లాడలేదు. స్నానం చేసి, దేవుడి గదికి తలుపు వేసి, పది రోజులు మైల పట్టాడు. గడ్డం గీసుకోలేదు, గుడికి పోలేదు. బంధువుల్లో ఒకాయన నా దగ్గర మెల్లగా అన్నాడు: "బతికున్నప్పుడు పలకరించలేదు, ఇప్పుడు ఇదంతా ఎందుకబ్బా?"

ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది. ఎందుకంటే అది తెలివితక్కువ మాట కాదు. భారతంలో భీముడు అన్నదీ అదే.

ఆశ్రమవాస పర్వం మనం ఎక్కువగా చెప్పుకోం. యుద్ధం అయిపోయాక ధృతరాష్ట్రుడు 15 ఏళ్ళు పాండవుల దగ్గరే ఉన్నాడు. ధర్మరాజు లోటు రానివ్వలేదు, భీముడు మాత్రం వినపడేలా సూటిపోటి మాటలు అనేవాడు. చివరికి అడవికి పోతూ ధృతరాష్ట్రుడు భీష్ముడికి, ద్రోణుడికి, తన కొడుకులకి శ్రాద్ధం పెట్టడానికి డబ్బు అడిగాడు. భీముడు అడ్డం పడ్డాడు. భీష్ముడికి, ద్రోణుడికి మేమే పెడతాం, దుర్యోధనుడికి మాత్రం పెట్టనివ్వం అన్నాడు. పోయినవాళ్ళని కూడా మనవాళ్ళు, కానివాళ్ళు అని వేరు చేశాడు. ధర్మరాజు ఏం చేశాడు? తన సొంత ఖజానా నుంచి ఇస్తానని విదురుడితో కబురు పంపాడు. దుర్యోధనుడు మంచివాడని మాత్రం ఎక్కడా అనలేదు.

భీముడిని తీసిపారేయలేం. విషం తిన్నది అతను. సభలో ద్రౌపదిని చూసి పళ్ళు నూరింది అతను. ఆ లెక్క గుర్తుపెట్టుకునే హక్కు అతనికుంది. కానీ ఎవరికి నీళ్ళు వదలాలో, ఎవరికి వద్దో తేల్చే హక్కు ఆ కోపానికి లేదు అని నాకనిపిస్తుంది. మైల నీ ఇష్టాన్ని అడగదు. దాయాది అనే మాటనే చూడండి, ఆస్తిలో వాటా ఉన్నవాడు, చావులో మైల ఉన్నవాడు. ప్రేమించినవాడు అని ఎక్కడా లేదు. అందుకే అది నటన కాదు. ప్రేమ ఉందని చెప్పుకుంటే కదా నటన అయ్యేది? నాయన ఏం చెప్పుకోలేదు, ఊరికే గడ్డం పెంచుకున్నాడు.

ఇంకో సంగతి. మైలకి లెక్క ఉంది. పదో రోజు దాటాక దాయాదుల ఇంట్లో పొయ్యి మామూలుగా వెలగాలి. మాకు ఎండాకాలం నిప్పుల కొలిమి, చలి రెండు నెలలే దక్కే సుఖం. పొద్దున్నే వేడివేడి ఉగ్గాని, మిరపకాయ బజ్జి. రాత్రికి జొన్నరొట్టె, అనపగింజల కూర. యార్డు దగ్గర లారీల మీంచి రేగిన పత్తి పోగులు మంచులో తేలుతుంటాయి. ఇవన్నీ ఆ డిసెంబరులో కూడా నాకు బాగానే ఉన్నాయి. దుఃఖంలో ఉన్న ఇల్లు కదా, ఈ సంతోషం తప్పా అంటే, తప్పు కాదనే అంటా. ఎన్నాళ్ళు ఏడవాలో నువ్వే తేల్చుకో అని వదిలేస్తే కొంతమంది ఎప్పటికీ లేవరు. పదకొండో రోజు తినమని పెద్దలు చెప్పింది మరిచిపొమ్మని కాదు.

2025లో భోగి, పుష్య పౌర్ణమి రెండూ జనవరి 13నే వచ్చాయి. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర రోజులవి. పెద్దనాయన కొడుకుకి ఆ ఏడాది పండగ లేదు, వాడు రాలేదు. నేనూ నాయనా వెళ్ళాం. నాయన ఎద్దుల సంత దగ్గరే గంటసేపు నిలబడ్డాడు. కొనేది లేదు, అమ్మేది లేదు. ఊరికే పళ్ళు చూసి వయసు చెప్తూ, ధర అడుగుతూ. అది పెద్దనాయన చేసే పని.

పోయిన సెప్టెంబరులో మహాలయ అమావాస్యకి పంతులుగారు తండ్రి, తాత, ముత్తాత అయ్యాక "ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగారు. నాయన అన్న పేరు చెప్పి నువ్వులూ నీళ్ళూ వదిలాడు. ఇంటికొచ్చి అన్నం తిని, టీవీ పెట్టి, పెద్దనాయన పార్టీ నాయకుణ్ణి ఎప్పటిలాగే తిట్టడం మొదలుపెట్టాడు.